సగం తీగ

హస్తవాసి అంటారే, అది నాకు పుట్టుకతో వచ్చింది, వర్క్‌షాపులో ఎవరికి ఇనుపముక్క దిగినా డాక్టరు దగ్గరికి కాదు నా దగ్గరికే వస్తారు, సూదితో కదిపి అయస్కాంతం చూపిస్తే చాలు చెప్పినమాట విన్నట్టు బయటికొస్తుంది, అయస్కాంతం మేస్త్రి అన్న పేరు నాకు ఊరికే రాలేదు, ఈ ఆసుపత్రి బల్ల ఇంత చల్లగా ఉందేమిటి, డ్రెస్సింగ్ రూములో ఫ్యాను ఎవరి సుఖం కోసమో, నర్సమ్మ పొట్ట మీద దుప్పటి కప్పి కింద పాత కట్టు విప్పుతోంది, కదలకండి మేస్త్రిగారూ అంటోంది, పద్దెనిమిదేళ్లుగా తుప్పు గీకుతున్నాను, తీగల బ్రష్షు తిరుగుతుంటే తీగలు తెగి ఎగరడం మామూలే, చొక్కాలో గుచ్చుకున్నవాటిని చూడకుండానే పీకి పారేస్తాం, అది మా పద్ధతి, ఆ రోజు మాత్రం ఒకటి పోయి పోయి అక్కడ దిగింది, డాక్టరైతే మొహమాటం లేకుండా వృషణాల సంచి అన్నాడు, మా నోట మాత్రం అక్కడ అనే వస్తుంది, కంప్రెసర్ వెనక్కి వెళ్లి పటకారుతో నేనే లాగేశాను, మెరుస్తూ వచ్చింది, చూశావా నా చెయ్యి అని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా, అది సగమేనని ఎవరికి తెలుసు.

నాలుగోరోజుకి వాపు, చలిజ్వరం, ఎక్స్‌రేలో మిగతా సగం తెల్లటి గీతలా కనబడింది, ఇంకో రెండ్రోజులు ఆగుంటే వృషణం తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు, కోసి ఆ తీగ తీశాడు, అయినా ఆవగింజంత ముక్క లోతున ఉండిపోయింది, వెతికితే నరాలు దెబ్బతింటాయి, వదిలేద్దాం, కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు, వాపొచ్చినా చీము పట్టినా జ్వరం తగిలినా ఆలోచించకుండా వచ్చేయాలి, బరువులెత్తకూడదు, నెలకి మళ్లీ ఎక్స్‌రే, లోపల ఇనుముందని చెప్పకుండా ఎమ్మారై మిషన్ దగ్గరికి పోకూడదు, అది పెద్ద అయస్కాంతమట, షాపులో వింటే నా పేరు మార్చేస్తారు.

గాయం బాగుంది, ఇక రోజూ ఇంట్లోనే కట్టు మార్చాలి, ఎవరు మారుస్తారు అంటోంది నర్సమ్మ, నేనే అన్నాను, అడుగువైపు మీకు కనబడదు కదా, అద్దం పెట్టుకుంటానన్నాను, మీరు మీ చేత్తో తీసుకున్నది చూశాంగా అనేసి తలుపు తీసి మా ఆవిణ్ణి పిలిచింది, మా ఆవిడకి నేను దెబ్బ తొడకి అని చెప్పాను, మగాణ్ణి, మేస్త్రిని, ఏ ముఖం పెట్టుకుని చెప్పను, వచ్చింది, సంచి కుర్చీలో పెట్టింది, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది, తొడ అన్నారుగా అంటుందని కళ్లు మూసుకున్నాను, మీ పనిప్యాంటుకి పడిన చిల్లు కుట్టింది నేను కాదా అంది నెమ్మదిగా, చిల్లు తొడ దగ్గర లేదు, మీరే చెబుతారని చూశాను, జ్వరమొచ్చాక ఇక ఆగలేక, మీరు డాక్టరుతో తొడ అంటుంటే తర్వాత మీకు వినబడకుండా ఆయనకి అసలు చోటు చెప్పింది నేనే, కదలకండి.

కదల్లేదు, దర్జీ పనిచేసే మనిషి, గుడ్డని అంచు పోగులు గాయానికి తగలకుండా మడిచింది, మందు నీళ్లతో మధ్యనుంచి బయటికి తుడిచింది, తుడిచిన గుడ్డ మళ్లీ వాడలేదు, ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో అడిగి తెలుసుకుంది, ఎంత పెరిగితే రావాలో రెండోసారి అడిగింది, నాకు నొప్పి తెలియనే లేదు, నేనెప్పుడూ లోపలేమైనా మిగిలిందా అని ఎవరి చేతినీ రెండోసారి చూడలేదు, బయటికొచ్చింది చూసి మురిసిపోయేవాణ్ని, ఎక్కడ నేర్చుకున్నారమ్మా అని నర్సమ్మ అడుగుతోంది, ఆవిడ సిగ్గుపడి ఏదో చెప్పబోతే నేనే ముందు అందుకున్నాను, మా ఆవిడండీ, కుట్టుపనిలో మా వీధిలో ఆవిడకి సాటి లేరు అన్నాను, గొంతు పెద్దదే అయినట్టుంది, పక్క గదిలో వాళ్లకీ వినపడి ఉంటుంది, విననీ, మా ఇంట్లో గొప్ప చెయ్యి నాది కాదు, ఆ మాట తెలిసినందుకు నామోషీ పడాలి కదా, నాకేమో ఛాతీ పొంగుతోంది.