పరాంకుశం గారి డేట్లు

మా అక్క కేసు నడిచే కోర్టుకు వాయిదా పడ్డప్పుడల్లా ఒక మెట్టు పెరుగుతుంది. ఈ రోజు ఎక్కుతుంటే సగం దారిలో మేఘాలు తగులుతాయి. తడిసిన కుచ్చిళ్లు పిండుకుని పైకి వెళ్తాను.

మా అక్క దానమ్మ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది. మంటలు లేచిన రోజు అక్కా, ఇంకొందరు ఆడకూలీలూ లోపల ఉండగా షట్టరుకు బయట తాళం ఉంది. ఆ తాళం వేయించిన యజమాని వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. అతని వకీలు పరాంకుశం గారు లేచి, ఎప్పటిలాగే ఇంకో డేటు ఇప్పించమంటారు.

"డేటంటే ఏందయ్యా?" అని అడుగుతాను.

పరాంకుశం గారికి ఇంగ్లీషంటే ప్రాణం. ముచ్చటపడి చెబుతారు.

"తారీఖమ్మా. లాటిన్ మాట. 'ఇచ్చినది' అని అర్థం. ఖర్జూరం కూడా డేటే, కానీ అది గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ దానర్థం 'చేతి వేలు'. పలకడం ఒకటే గాని, రెండింటికీ చుట్టరికం లేదు."

నేను జడ్జి గారి వైపు తిరుగుతాను. "అయ్యా, ఇచ్చినవి చాలు. నాకు ఆ రెండో డేటు ఇప్పించండి."

జడ్జి గారు పరాంకుశం గారి వైపు చూస్తారు. "అడిగిన మాటే కదా. అభ్యంతరం ఉందా?"

ఉందని చెప్పడానికి పరాంకుశం గారు చెయ్యెత్తుతారు. ఎత్తిన వేళ్లు అప్పటికే నల్లబడి, ముడతలు పడి, మిగల పండి ఉన్నాయి.

దగ్గరికెళ్లి కోస్తాను. మొదలు దగ్గర కాస్త మెలిపెడితే చాలు, వచ్చేస్తాయి. రక్తం రాదు.

"అమ్మా, సంతకం పెట్టే చెయ్యమ్మా అది!"

"తెలుసయ్యా. అందుకే ముందు దీని దగ్గరికొచ్చా."

చాలా తియ్యగా ఉన్నాయి. అక్క పోయాక నా నాలుకకు రుచి తెలియడం ఇదే మొదలు. నిదానంగా, నములుతూ, ఆయన కళ్లలోకి చూస్తూ తింటాను.

గింజలు నేల మీద ఉమ్ముతాను. ఒక్కో గింజ వీపున చిన్న గోరు ఉంది. ఆ గోళ్లతో అవి నాపరాళ్లను గీరుకుంటూ లోపలికి దిగిపోతాయి.

యజమాని కాళ్లు బెంచీ మీదికి లాక్కుంటాడు. "అయ్యా, నాకొక డేటు..." అని, చప్పున నోరు మూసుకుంటాడు.

నేల చీల్చుకుని ఖర్జూరపు చెట్టు లేస్తుంది. మట్టలుండే చోట ఆడవాళ్ల చేతులున్నాయి, గాజులతో. అవి యజమానిని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి, పైన గెలలో తగిలిస్తాయి.

నేను కొంగు పట్టుకుని కింద నిలబడతాను. అతనింకా పచ్చిగానే ఉన్నాడు.