దారి మొగుడు

"చెప్పవే! సైనికులకి ఉప్పందించింది నువ్వే కదూ?"

బెల్టు మిరాబెల్ చెంప మీద ఛెళ్ళుమంది. కాలిపోయిన గుడారాల మధ్య ఆమెను పైన్ చెట్టుకి కట్టేశారు. తెల్లారగట్ల సైనికులు నిప్పు పెట్టినప్పుడు మావాళ్ళు నలుగురు ప్లాస్టిక్ పట్టాల కింద నిద్రలోనే కాలిపోయారు. రేపు మా మగవాళ్ళు మూడొందలమంది స్పెయిన్ వాళ్ళ సరిహద్దు కంచె మీదికి ఒక్కసారిగా ఎగబాకాలనుకున్న సంగతి ఈ మొరాకో కొండ మీద మాకు తప్ప ఎవరికీ తెలియదు. కంచె ఎక్కేది ఏ రోజో చెప్పినవాళ్ళకి గేటు తీస్తామని సైనికులు ఎర వేస్తూనే ఉంటారు. ఆ ఎర మింగినట్టు తేలితే మా శిబిరంలో ఒకటే శిక్ష. కొండ అంచు నుంచి తోసెయ్యడం.

"నీళ్ళకని కిందికి దిగేది ఇదే, సైనికుల ముందు ఇకిలించేదీ ఇదే!" ఫిర్మాన్ బెల్టును చేతికి చుట్టుకున్నాడు.

ఫిర్మాన్ నా దారి మొగుడు. కామెరూన్ నుంచి వచ్చే దారిలో ఒంటరి ఆడదాన్ని చెక్‌పోస్టుకొకడు లాక్కెళ్తాడు. పదిమంది కంటే ఒక్కడు నయమని ఇతని వెనక నడిచాను. పెళ్ళి లేదు, ప్రమాణాలు లేవు. వండటం, ఉతకడం, పక్కలో పడుకోవడం మాత్రం ఉన్నాయి. కంచె ఎక్కే జాబితాలో మా ఆడవాళ్ళ పేర్లు ఉండవు. ఇనప తీగలకి చీరుకుపోయిన మగవాళ్ళ అరచేతులు కుట్టడానికి మాత్రం మేమే కావాలి. "నేను లేకపోతే ఇసుకలో ఎముకవయ్యేదానివి" అని రెండేళ్ళుగా, నేను తిండి పెట్టిన ప్రతిసారీ అంటాడు. నమ్మాను.

శిబిరం పెద్ద, మేమంతా ఛైర్మన్ అని పిలిచే మనిషి, నా వైపు తిరిగాడు. "ఒదీల్, వంట దగ్గర ఉండేది నువ్వు. నిన్న ఇదెక్కడికి పోయిందో చూశావా?"

"సైనికులతో చూశావు కదా, చెప్పు," అన్నాడు ఫిర్మాన్.

నా పొయ్యి దగ్గర తినే యాభైమందికి సరిపడా చిక్కుడు గింజలు రోజూ సాయంత్రమే నానబోస్తాను. నిన్న నీళ్ళు పోస్తుంటే ఫిర్మాన్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇవాళ వద్దు. బూట్లు విప్పకుండా పడుకో." మరి పొద్దున జనం ఏం తింటారని అడగలేదు. అడిగితే పళ్ళు రాలతాయి. చీకటి విడవకముందే లేపి పైనున్న బండ వెనక్కి లాక్కెళ్ళాడు. ఎప్పటి సంగతే అనుకుని కళ్ళు మూసుకున్నాను. అతని బరువు నా మీద ఉండగానే కింద కేకలు మొదలయ్యాయి. అతను తల కూడా తిప్పలేదు.

మిరాబెల్‌కి ఒక కన్నే తెరుచుకుంటోంది. "అక్కా," అంది. అంతే.

ఇతను పోతే రేపటి నుంచి నన్ను ఎవడైనా లాక్కెళ్ళొచ్చు. ఆ సంగతి ఇతనికి నాకంటే బాగా తెలుసు. అందుకే నా వైపు చూసి నవ్వుతున్నాడు.

"ఉప్పందించింది ఆడది కాదు, ఛైర్మన్," అన్నాను. "ఆ బెల్టు పట్టుకున్నవాడు. నా మొగుడు. ఫిర్మాన్ ఎతూందీ."