చెప్పులేసుకుని వెళ్ళిన జోలపాట

ఇంకాస్త ముందుకు జరగండి. అంత దూరాన కూర్చుంటే నా గొంతు మీ దాకా రాదు. అద్దానికి చెవి ఆనించండి, చల్లగా తగులుతుంది గానీ ఏమీ కాదు. ఆఁ, అలాగ. ఇప్పుడు చెబుతాను.

ఈ పొద్దున నా జోలపాట నా నోట్లోంచి దిగి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళిపోతుంది. ఊరికే వెళ్ళదు. గుమ్మంలో ఉన్న నా చెప్పులు వేసుకుని, కొంగు బొడ్లో దోపుకుని, తలుపు దగ్గరగా వేసి మరీ వెళుతుంది.

నేను అప్పుడు నోరు పుక్కిలిస్తున్నాను. నీళ్ళు ఉమ్మి నాలుక కింద తడుముకుంటాను. పాట ఉండే చోట మెత్తటి గుంట తగులుతుంది, పన్ను ఊడినప్పుడు ఉంటుందే, అలాంటిది. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా అత్త తిట్లు, ఉప్పు ఎత్తేటప్పటి పాటలు, పోయినవాళ్ళ నవ్వులు. జోల ఒక్కటే లేదు.

నా పేరు తవిటమ్మ. ఉప్పుమళ్ళలో పని చేసి చేసి పాదాలు తెల్లబడిన మనిషిని. మా అమ్మాయి కూతురు ఝాన్సీ ఈ యూనివర్సిటీలో ఆడవాళ్ళ పాటల మీద పరిశోధన చేస్తోంది. దానికి చంటిపిల్ల ఉంది. ఆ పాపను చూసుకోవడానికే నేను ఇక్కడ ఉంటున్నాను. పాప నా జోలకు తప్ప దేనికీ నిద్రపోదు.

"కంగారు పడకే అమ్మమ్మా," అంటుంది ఝాన్సీ, ఫోను చూస్తూ. "లైబ్రరీ వోళ్ళు ఇయ్యాల కొత్త ఆన్‌లైన్ డేటాబేసులు తెరిసినారు. జోలపాటలకి ఒకటి యేరేగా ఉన్నాది. నాను రికార్డు సేసి ఇచ్చినాను గదా, నీ పాట అందులోకి ఎల్లిపోయుంటాది."

"రికార్డంటే ఫొటో తీసినట్టు గదే. ఫొటో తీస్తే మడిసి లేసి ఎల్లిపోతాడేటి?"

"ఇది మంచి డేటాబేసు అమ్మమ్మా. పూర్తి పాఠం ఉంటాది."

"పూర్తి పాఠవంటే?"

"నీ కాడ ఏటీ మిగలదని."

పాప నిద్రపోదు. పాప నిద్రపోలేదు కనక పొద్దు వాలదు. మిట్టమధ్యాహ్నం మా వీధిలో గేదెలా అడ్డంగా నిలబడిపోతుంది. కూరల బండి అతను పొద్దున అమ్మిన వంకాయల్నే మళ్ళీ అమ్ముతున్నాడు. ఎదురింటి రవణమ్మ తలుపు ఓరగా తీసి తొంగి చూస్తుంది.

"తవిటమ్మప్పా, ఇయ్యాల రేతిరి రాదేటి?"

"మా పాప తొంగోలేదు రవణా."

"అలగా! అయితే ఇంకోపాలి ఎసరెట్టుకుంతాను," అని తలుపు వేసుకుంటుంది.

పాప కళ్ళు పెరుగుతున్నాయి. మొదట కనుబొమలను దాటుతాయి. తరవాత బుగ్గల మీదికి దిగుతాయి. ఇంకొంచెం దిగితే నోటికి చోటుండదు. నోటికి చోటు లేకపోతే పాలు ఎక్కడ పట్టాలి? ఝాన్సీ ఏడవదు. పాప కంటి కొసకూ పెదవికీ మధ్య వేలు పెట్టి చూస్తుంది. పొద్దున బొటనవేలు పట్టిన చోట ఇప్పుడు చిటికెనవేలే పడుతోంది.

ఝాన్సీ ఫోనులో తన పేరు కొడుతుంది, రహస్యపు మాట కొడుతుంది. ఫోను మర్యాదగా జవాబిస్తుంది. "ఈ పాటను ఇప్పుడు వేరొకరు వింటున్నారు. దయచేసి వేచి ఉండండి." ఎంతసేపు వేచినా అదే జవాబు. అక్కడ ఒక పాటను ఒకసారి ఒక్కరే వినాలట.

సారాంశం మాత్రం అందరికీ ఇస్తారు. ఝాన్సీ పాపను భుజాన వేసుకుని సారాంశం చదువుతుంది. "ఈ గీతమునందు తీరప్రాంత శ్రామిక స్త్రీ తన శిశువును నిద్రింపజేయ యత్నించును." పాప శ్రద్ధగా వింటుంది. కళ్ళు ఇంకో మెతుకంత కిందికి దిగుతాయి.

ఆ పాటలో ఒక పేరు ఉంది. అసిరి. అది నా మొదటి పిల్ల. ఉప్పుమడి గట్టు మీద, నా పచ్చ చీర ఉయ్యాలలో, జ్వరంతో నిద్రపోయి ఇక లేవలేదు. అలా పోయిన పిల్లను మా వాళ్ళు పేరు పెట్టి పిలవరు, పిలిస్తే విని వెనక్కి వస్తుందంటారు. పిలవకుండా తల్లి ఎలా ఉంటుంది? అందుకని ఆ పేరును జోలలో పెట్టుకున్నాను. మా అమ్మాయిని నిద్రపుచ్చినా, ఝాన్సీని నిద్రపుచ్చినా, పాపను నిద్రపుచ్చినా, మధ్యలో అసిరిని ఒకసారి పిలుచుకునేదాన్ని. ఇప్పుడు పాట మాటలు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. పేరు మాత్రం మిగిలింది. అది పాట కంటే ముందునుంచీ నాది.

"నానెల్లి తెస్తాను," అంటాను.

"కార్డు లేకండా నిన్ను రానివ్వరే."

"కార్డు లేపోతే తవుడున్నాది."

నడుంనొప్పికి కాపడం పెట్టుకోవడానికి ఊరినుంచి తెచ్చుకున్న తవుడు మూట ఒకటి మంచం కింద ఉంది. దాన్ని చంకన పెట్టుకుంటాను. తవుడు ఎందుకంటే, చెబుతాను వినండి. మా అమ్మకు నా ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. నేను పుట్టగానే చేటలో పడుకోబెట్టి పక్కింటామెకు ఇచ్చేసింది, మళ్ళీ తవుడు పోసి కొనుక్కుంది. కొనుక్కున్న పిల్ల కాబట్టి చావు నన్ను మా అమ్మ పిల్లగా పోల్చుకోలేదు. అందుకే నేను తవిటమ్మను. ఇందులో ఒకటే జాగ్రత్త. ఇచ్చేటప్పుడే, తిరిగి కొనుక్కునే తవుడు కొంగున ముడేసుకోవాలి. అది మరిచిపోతే పిల్ల పక్కింటిదే.

చెప్పులు పాట వేసుకుపోయింది కదా, నేను వట్టికాళ్ళతో కొండ రోడ్డు ఎక్కుతాను. సముద్రం కింద ఉంది, అది కూడా రెప్ప వేయడం లేదు. ఒక అల లేచి, పడుకోవడం తెలియక అలాగే నిలబడి ఉంది.

నా చెప్పులు లైబ్రరీ మెట్ల దగ్గర విడిచి ఉన్నాయి. లోపల బల్ల వెనక సుభద్ర గారు ఉన్నారు. పరిశోధకులకు దారి చూపించేది ఆవిడేనని ఝాన్సీ చెప్పింది. ఆవిడ వెనక పుస్తకాలు లేవు. తలుపంత అద్దం ఒకటి వెలుగుతోంది.

"మామ్మగారూ, మీ కార్డు?"

"కార్డు లేదమ్మా. నా పాట ఇక్కడికి వొచ్చీసినాది. తీసుకెల్లడానికి వొచ్చినాను."

"పాట మీదేనండీ. దారి మాది."

"మరి దారియ్యి."

"దారి ఇవ్వాలంటే మీరు విద్యార్థి అయినా కావాలి, మేష్టారైనా కావాలి. లేదంటే పాటైనా కావాలి. పాటలని కార్డు అడగం."

"అయితే నన్నూ పాటే అనుకో."

"నోరు తెరవండి, చూస్తాను."

తెరుస్తాను. నాలుక కింది గుంటలోంచి ఉప్పుమళ్ళ గాలి వస్తుంది. సుభద్ర గారి ముంగురులు కదులుతాయి. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూస్తారు.

"మీరు పాట కాదు. పాట ఉండి వెళ్ళిన ఖాళీ. ఖాళీలని ఆపమని మాకు ఎవరూ చెప్పలేదు. వెళ్ళండి. ఈ దారి నెలాఖరు దాకానే, తరవాత మూసేస్తారు. ఉన్నవాళ్ళు ఉన్నట్టే లోపల ఉండిపోతారు, చూసుకోండి."

అద్దంలోకి నడుస్తాను. లోపల గది పొడుగ్గా ఉంది. నేను నడిచేకొద్దీ ఇంకా పొడుగవుతోంది. నేల ఉప్పుమడిలా తెల్లగా, మడుల కింద మడులుగా ఉంది. పైనుంచి చీర ఉయ్యాలలు వేలాడుతున్నాయి. ప్రతి ఉయ్యాలకూ ఒక అంకె కట్టి ఉంది. కళ్ళజోళ్ళ పిల్లలు వచ్చి ఒక ఉయ్యాల దగ్గర ఆగుతారు, ఒకసారి ఊపుతారు, చెవి పెట్టి వింటారు, తలాడించి వెళ్ళిపోతారు. అందరివీ మంచి చేతులే. ఎవరూ ఉయ్యాలలోకి తొంగి చూడరు.

నా పచ్చ చీరను నేను దూరం నుంచే పోల్చుకుంటాను.

అందులో అసిరి ఉంది. అదే మొహం, అదే మొలతాడు. అంతే ఉంది, ఎదగలేదు. జుట్టు మాత్రం నెరిసి, పొడుగ్గా, నేలకు జారుతోంది. గడిచిన ఏళ్ళన్నీ జుట్టుకే పట్టాయి.

పక్కన నా పాట గొంతుక్కూర్చుని తాడు లాగుతోంది. దానికి నా పడుచుతనపు మొహం ఉంది. పక్కకు కూడా చూడదు.

"ఎందుకొచ్చినావే ముసిల్దానా?"

"ఒలే, రా. ఇంటికాడ పాప కళ్ళు పెదాలకి తగిలీసినాయి. పాలు తాగలేకపోతన్నాది."

"నాను రాను."

"ఒక్కపాలి వొచ్చి పాడీసి ఎల్లిపో."

"తాడొదిలీమంటావేటి? ఉయ్యాల ఆగితే ఇది లెగుస్తాది. లెగిస్తే, తాను సచ్చిపోయినట్టు దీనికి తెలిసిపోతాది."

నేను ఉయ్యాల మీదికి వంగుతాను.

"ఇన్నాళ్ళూ తెలీదేటి దీనికి?"

"నిదర్లో ఉన్నాది గదే. ఎవులు సెప్తారు?"

నేను అసిరి జుట్టు కింద చెయ్యి పెట్టి చూస్తాను. తల వెచ్చగా ఉంది. ఆ రోజు గట్టు మీద ఎంత వెచ్చగా ఉందో అంతే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. అటు పాప నోరు మూసుకుపోతోంది. ఇటు దీనికి తెలిసిపోతుంది. రెండూ నా పిల్లలే.

"నీకు కావలసినది ఊపే సెయ్యి," అంటాను. "నా సెయ్యి ఉన్నాది. నువ్వు లెగు. నిన్ను తవుడికి కొనుక్కుంటాను. నీ బదులు నన్నిక్కడ అమ్మీసుకో."

పాట మొదటిసారి నా వైపు చూస్తుంది. "నిన్నా? నీ ధరెంతే?"

"పుట్టిన్నాడు సేరెడు. ఇప్పుడు నీ ఇష్టం."

"ముసిల్దానికి రోషం తగ్గలేదు," అని నవ్వి ఒడి పడుతుంది. నేను మూట విప్పి తవుడు పోస్తాను. ఆ తొందరలో, పాప నోరు మూసుకుపోతుందన్న తొందరలో, మూట దులిపి మరీ పోస్తాను. తాడు దాని చేతిలోంచి నా చేతిలోకి వస్తుంది. ఉయ్యాల ఆగదు. పాట లేచి, నడుం విరుచుకుని, గది పొడుగునా నడిచి వెళ్ళిపోతుంది. మెట్ల దగ్గర మళ్ళీ నా చెప్పులే వేసుకున్న చప్పుడు వినిపిస్తుంది.

అప్పుడు కొంగు తడుముకుంటాను. కొంగున ముడి లేదు.

సుభద్ర గారు వచ్చి నా మణికట్టుకు ఒక అంకె కడతారు. దారం బిగుతుగా ఉందా అని అడుగుతారు. "ఇక మీకు కార్డు అక్కర్లేదు మామ్మగారూ," అంటారు, మెల్లగా.

ఇక్కడినుంచి అద్దంలోంచి మా ఇల్లు కనిపిస్తుంది. పాట లోపలికి వెళుతుంది, పాపను ఎత్తుకుంటుంది, పాడుతుంది. ఏం పాడుతోందో నాకు వినపడదు. పాప రెప్పలు దిగుతాయి. కళ్ళు అంత పెద్దవి కదా, రెప్పలు రెండు బొంతల్లా గడ్డం దాకా వచ్చి మొహాన్ని కప్పేస్తాయి. సూర్యుడు ఒక్కసారిగా, పనసపండు పడినట్టు, కొండ వెనక పడతాడు. నిలబడిన అల పడుకుంటుంది. రవణమ్మ పొయ్యి ఆర్పుతుంది.

"మా అమ్మమ్మేదీ?" అని ఝాన్సీ అడగడం పెదవుల కదలికలో తెలుస్తుంది. పాట ఒడి విప్పి ఖాళీ చేతులు చూపిస్తుంది. తవుడు దారిలోనే కారిపోయింది.

నా పేరు కథ తెలిసిన ఝాన్సీ గుమ్మం గుమ్మానా తవుడు అడుగుతుంది. ఈ ఊళ్ళో అందరూ తెల్లబియ్యమే తింటారు, తవుడు ఎవరింట్లో ఉంటుంది? కొండ వెనక గేదెల పాక దగ్గర ఒక పిడికెడు దొరుకుతుంది. ఆ పిడికిలి విప్పకుండా, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని వచ్చి, రెండో చేత్తో తన పేరు కొడుతుంది, రహస్యపు మాట కొడుతుంది. ఫోను మర్యాదగా జవాబిస్తుంది.

"ఈ అమ్మమ్మను ఇప్పుడు వేరొకరు వింటున్నారు. దయచేసి వేచి ఉండండి."

ఆ వేరొకరు మీరే, నాయనా.

కోపం లేదు. నేనే కదా దగ్గరికి పిలిచాను. ఎవరో ఒకరు వింటే గానీ నా మాట బయటికి పోదు. కానీ మీ వెనకే ఝాన్సీ నిలబడి ఉంది. దాని వేళ్ళ సందుల్లోంచి తవుడు కొద్దికొద్దిగా రాలుతోంది. నెలాఖరు దగ్గర పడుతోంది. మీరిక లేవాలి.

లేచేటప్పుడు చెవి అద్దం మీంచి మెల్లగా తీయండి. అసిరి జుట్టూ నా జుట్టూ ఎప్పుడో కలిసి పేనుకుని తాడయ్యాయి. ఆ తాడు అద్దం దాటి వచ్చింది, దాని కొస ఇప్పుడు మీ చెవిలో ఉంది. లాగకండి, కోయకండి. అలాగే వెళ్ళండి. నేను చెప్పినదంతా నాలుక కింద భద్రంగా పెట్టుకుని, బస్సులో పక్కనున్న మనిషికో, మీ ఇంట్లో నిద్రపోని పిల్లకో చెప్పండి. తవిటమ్మని ఒకత్తె ఉంది, పాపం, కొంగున తవుడు ముడేసుకోవడం మరిచిపోయింది అని చెప్పండి. కథ చెప్పేటప్పుడు మనిషి తల ఊగుతుంది. మీ తల ఊగితే ఇక్కడ ఉయ్యాల ఊగుతుంది. ఉయ్యాల ఆగదని నమ్మకం కుదిరితే, నేను చెయ్యి వదిలి, ఆ పిడికెడు తవుడికి అమ్ముడుపోయి, ఝాన్సీ చేటలోకి దిగుతాను.

మరిచిపోకండేం. అసిరి పేరు వచ్చిన చోట మాత్రం గొంతు తగ్గించండి. పిల్ల నిద్రలో ఉంది.