ఏ ఇంట్లో మోగాలి

ఇల్లు పంచుకున్నాక మా తమ్ముళ్ళు పంచుకోలేనివి రెండే మిగిలాయి. ఒకటి దొంగల అలారం. రెండోది నేను.

గోడ కట్టడం తేలిగ్గానే అయిపోయింది. హాలు మధ్యన ఇటుకలు పేర్చి, రంగు కొట్టి, ఎడమవైపు పెద్దవాడూ కుడివైపు చిన్నవాడూ సర్దుకున్నారు. నా గది వెనకాల ఉంది. దానికి మొదటినుంచీ రెండు తలుపులు, ఒకటి అటూ ఒకటి ఇటూ. ఆ గది ఎవరి వాటాలో వెయ్యాలని కొలతలు తీసే మనిషి అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి దాన్ని అలాగే వదిలేశారు. ఒక వారం ఎడమ తలుపులోంచి కంచం వస్తుంది, ఒక వారం కుడి తలుపులోంచి. మరదళ్ళు ఇద్దరూ మంచివాళ్ళే. కంచం ఏనాడూ ఆలస్యం కాలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

అలారం అంత తేలిగ్గా తెగలేదు. ఇల్లు ఒకటిగా ఉన్నప్పుడు పెట్టించింది అది. దాని పెట్టె పెద్దవాడి వైపు గోడకి ఉండిపోయింది. తలుపులకీ కిటికీలకీ అంటించిన సెన్సర్లు, గది మూలల్లో కూర్చుని ఎవరు కదిలినా పసిగట్టే సెన్సర్లు, అన్నీ తీగల్లేకుండా ఆ ఒక్క పెట్టెకే కబురు పంపేవి. మధ్యన గోడ లేచిన సంగతి వాటికెవరూ చెప్పలేదు. పెద్దవాడు రిమోట్ నొక్కి అలారం వేసుకుని పడుకుంటే, చిన్నవాడు మంచినీళ్ళకి లేవగానే అన్నగారింట్లో సైరన్ మోగేది.

"మా ఇంట్లో నేను తిరగడానికి వీడి పర్మిషన్ కావాలా" అని చిన్నవాడు ఒంటికాలి మీద లేచాడు.

"నా నిద్ర చెడగొట్టడానికే వీడికి దాహం వేస్తుంది" అని పెద్దవాడు అందరికీ చెప్పుకున్నాడు.

నెల్లాళ్ళు ఇదే రామాయణం. చివరికి చిన్నవాడు తన వైపు వేరే పెట్టె కొనుక్కున్నాడు. ఉన్న సెన్సర్లని రెండిళ్ళకీ పంచడానికి మెకానిక్‌ని పిలిచారు.

మెకానిక్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నోట్లో రెండు మరలు పెట్టుకుని మాట్లాడతాడు. నా గదిలోకి వచ్చి ఎడమ తలుపు సెన్సర్‌ని పెద్దవాడి పెట్టెకి ఉంచేసి, కుడి తలుపుది విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"దీన్ని ఆ ప్యానెల్లోంచి డిలీట్ చేసి, కొత్త ప్యానెల్‌కి నేర్పించాలమ్మా."

"నేర్పించడం ఏంటి?"

"ఇది నీది, దీని మాట వినూ అని ప్యానెల్‌కి ఒక్కసారి నేర్పిస్తే చాలు. మళ్ళీ మనం డిలీట్ చేసేదాకా మర్చిపోదు."

"అయితే మా వాళ్ళక్కూడా ఒకసారి చేసి పెట్టు బాబూ" అన్నాను. మరలు మింగుతాడేమోనన్నంతగా నవ్వాడు.

చేతిసంచిలోంచి ఇంకో వస్తువు తీశాడు. మెళ్ళో వేసుకునే తాడు, దానికి రూపాయి బిళ్ళంత బటన్. తుంటి ఆపరేషన్ అయినప్పటినుంచీ నా ఎడమకాలు అప్పుడప్పుడు నాది కాకుండా పోతుంది. నొప్పీ ఉండదు, తిమ్మిరీ ఉండదు. కిందకి చూసుకుంటే తప్ప అది ఉందో లేదో తెలియదు. అలాంటప్పుడు పడితే నొక్కడానికి ఈ బటన్. నొక్కితే ఇంట్లో సైరన్ మోగుతుంది.

"ఎవరి ప్యానెల్‌కి నేర్పించమంటారు?" అని అడిగాడు.

అప్పటికి తమ్ముళ్ళిద్దరూ చెరో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇంటికి పెద్దవాణ్ణి నేను. నా ఇంట్లోనే మోగాలి" అన్నాడు పెద్దవాడు.

"నన్ను చంకనేసుకుని పెంచింది అక్క. నా ఇంట్లో మోగాలి" అన్నాడు చిన్నవాడు.

ఆ మాట అబద్ధం కాదు. అమ్మ పోయేనాటికి పెద్దవాడికి ఎక్కాలు రావు, చిన్నవాడికి మాటలు రావు. నేను ఆసుపత్రిలో నర్సుగా చేరి ఇద్దర్నీ ఒడ్డెక్కించాను. ఇద్దరికీ ఒకేలా పెట్టాను, ఒకేలా కొట్టాను. కానీ డ్యూటీ నుంచి రాగానే ముందు చిన్నవాణ్ణే ఎత్తుకునేదాన్ని. పెద్దవాడు పక్కన నిలబడి చూసేవాడు. వాడు దాన్ని మర్చిపోయాడని నేననుకోను.

ఇప్పుడు ఒక పేరు చెబితే ఇంకొకడు మొహం మాడ్చుకుంటాడు. నాకు ఓపిక లేకపోయింది.

"రెండింటికీ నేర్పించడం కుదరదా?"

"ఎందుకు కుదరదమ్మా. రేడియో సిగ్నల్‌కి గోడ అడ్డం రాదు. ఒక్క నొక్కు నొక్కితే రెండిళ్ళలోనూ మోగుతుంది."

పరీక్షకి నన్నే నొక్కమన్నాడు. నొక్కాను. రెండువైపులా సైరన్లు చెవులు చిల్లులు పడేలా మోగాయి. ఎడమ తలుపులోంచి పెద్దవాడు, కుడి తలుపులోంచి చిన్నవాడు పోటాపోటీగా పరిగెత్తుకొచ్చారు. ఎవరు ముందొచ్చారన్నదాని మీద కూడా కాసేపు వాదించుకున్నారు. మెకానిక్ ఇద్దరికీ చెరో రిమోట్ ఇచ్చి, సైరన్ ఆపాలంటే తాళం తీసినట్టున్న బొమ్మ మీద నొక్కాలని, పెట్టె దాకా వెళ్ళక్కర్లేదని, కూర్చున్న చోటినుంచే ఆపొచ్చని చూపించాడు. ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రపోయాను.

తర్వాత ఒకట్రెండుసార్లు నిద్రలో ఒత్తిగిలితే బటన్ నొక్కుకుపోయింది. ఇద్దరూ వచ్చారు. "ఏం లేదురా, పక్కకి తిరిగాను" అని చెప్పి పంపించాను. ఆ తర్వాతిసారి ఒక్కడే వచ్చాడు. ఎవడొచ్చాడో గుర్తు లేదు. ఇంకోసారి మరదలు గుమ్మంలోంచే తొంగి చూసి, "ఒత్తిగిల్లావా వదినా" అని నవ్వి వెళ్ళిపోయింది. ఎవరినీ అనడానికి లేదు. నేనైనా అంతే చేస్తాను.

ఆరోజు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రెండిళ్ళలోనూ అందరూ ఉన్నారు. ఎడమవైపు టీవీ మోగుతోంది. కుడివైపు చిన్నవాడు పిల్లలతో ఏదో ఆడుతూ నవ్వుతున్నాడు. నా గదికి ఆనుకునే ఉన్న స్నానాల గదిలో నా కాలు మళ్ళీ నాది కాకుండా పోయింది. వాకర్ ఒకవైపూ నేను ఒకవైపూ పడ్డాం. మోచెయ్యి గట్టు అంచుకి తగిలింది. పాత అలవాటు కొద్దీ ముందు ఒళ్ళంతా తడిమి చూసుకున్నాను. ఏదీ విరగలేదు. లేవడమే నావల్ల కాలేదు.

బటన్ నొక్కాను.

రెండువైపులా సైరన్ అందుకుంది. తల తిప్పి తలుపుల వైపు చూశాను. కాసేపటికి ఎడమవైపు సైరన్ ఆగింది. పెద్దవాడు బయల్దేరాడనుకున్నాను. వెంటనే కుడివైపుదీ ఆగింది. చప్పుడు ఆగాక అడుగులు వినపడాలి కదా. టీవీ వినపడింది. దాని వెనకనుంచి పెద్దవాడి గొంతు, "చిన్నోడు చూస్తాడులే" అంది. కుడివైపు నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి.

ఇంకోసారి నొక్కాను. ఈసారి సైరన్లు ఇంకా తొందరగా ఆగిపోయాయి.

మూడోసారి నొక్కలేదు. నేల చల్లగా ఉంది. వార్డు గుర్తొచ్చింది. ఇద్దరు నర్సులం డ్యూటీలో ఉన్న రోజున మంచం గంట మోగితే, ఆవిడ లేస్తుందిలే అని నేను, నేను లేస్తానులే అని ఆవిడ, చేతిలో పని చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. ఒక్కదాన్నే ఉన్న రోజున చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేదాన్ని. ఇంతకాలం ఆ పని చేసినదాన్ని, రెండిళ్ళలోనూ పెట్టమని నేనే అడిగాను. అందుకని వాళ్ళమీద కోపం రాలేదు. రావాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. ఏమీ రాలేదు. ఆ తర్వాత పాకుతూ, ఆగుతూ మంచం దాకా వచ్చి, కోళ్ళు పట్టుకుని ఎలాగో పైకెక్కాను.

సాయంత్రం పెద్ద మరదలు కంచం తెచ్చింది.

"మధ్యాహ్నం మళ్ళీ ఒత్తుకుపోయిందా వదినా? మరిదిగారు వచ్చి చూసుంటారని ఈయన లేవలేదు."

"చూశాడు" అన్నాను. మోచెయ్యి దుప్పట్లో ఉంది.

ఆమె వెళ్ళాక కుడి తలుపు తెరుచుకుంది. చిన్నవాడు ఫోను చెవి దగ్గర పెట్టుకునే తల లోపలికి పెట్టాడు. "అన్నయ్య వచ్చాడుగా అక్కా?"

"వచ్చాడు."

వాడు తలాడించి తలుపు వేసుకున్నాడు. ఎందుకలా చెప్పానో నాకే సరిగ్గా తెలియదు. నిజం చెబితే ఇద్దరూ గోడ మీంచి కొట్టుకుంటారు, మధ్యలో నేను పంచాయితీ చెయ్యాలి. అంత శక్తి లేదనిపించింది, అంతే.

మర్నాడు మెకానిక్‌కి ఫోన్ చేశాను. వచ్చాడు. తలుపులు రెండూ వేసి రమ్మన్నాను.

"బటన్‌ని ఒక ఇంట్లోంచి తీసెయ్యి బాబూ. ఒక్క ఇంట్లోనే మోగాలి."

"బాగానే పని చేస్తోంది కదమ్మా."

"చేస్తోంది. రెండిళ్ళలోనూ చక్కగా మోగింది." మోచెయ్యి చూపించాను. అప్పటికి నల్లగా కమిలిపోయి ఉంది. అతను నోట్లోంచి మరలు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎవరూ రాలేదా?"

"ఇంకొకరు వస్తారనుకున్నారు. ఒక్కడికే వినపడితే ఆ ఒక్కడూ లేస్తాడు. లేవకపోయినా, ఎవడు లేవలేదో నాకు తెలుస్తుంది."

"మరి ఎవరింట్లో ఉంచమంటారు?"

"ఎవడు రాకపోతే నాకు తక్కువ బాధో, వాడింట్లో ఉంచు."

నేను రాత్రంతా దీని గురించే ఆలోచించాను. పెద్దవాడు రాకపోతే, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోగలను. వాడి దగ్గర నాకు పెద్ద ఆశలూ లేవు, వాడికి నేను చేసిన గారాబమూ లేదు. చిన్నవాడు రాకపోతే తట్టుకోలేను. నిన్న నేలమీద పడి ఉన్నప్పుడు నాకు గుచ్చుకున్నది టీవీ మోత కాదు, వాడి నవ్వే.

"పెద్దవాడింట్లో ఉంచు. చిన్నవాడి దాంట్లోంచి తీసెయ్యి" అన్నాను.

మెకానిక్ కుడి తలుపులోంచి వెళ్ళాడు. పట్టుమని పది మాటలు కూడా అయ్యుండవు, అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. చిన్నవాడు తలుపు తోసుకుని వచ్చాడు. చొక్కా గుండీలు సగమే పెట్టుకున్నాడు, కాళ్ళకి చెప్పుల్లేవు. నిన్న సైరన్‌కి రానివాడు ఈ కబురుకి ఇంత వేగంగా వచ్చాడు.

"నన్ను తీసెయ్యమన్నావట. అన్నయ్య ఏమన్నా ఎక్కించాడా?"

"లేదు."

"మరి నేనేం తక్కువ చేశాను?"

ఇక దాచే ఓపిక కూడా లేక చెప్పేశాను. "నిన్న పడ్డానురా. రెండుసార్లు నొక్కాను. ఎవరూ రాలేదు."

"అన్నయ్య వచ్చాడన్నావుగా."

"నీతో అలా చెప్పాను. వాళ్ళావిడతో నువ్వొచ్చావని చెప్పాను."

వాడి చూపు నా మోచెయ్యి మీద పడింది. మంచం పక్కన నేలమీద కూలబడి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ఏడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఏడ్చినట్టే, ముక్కు ఎగబీలుస్తూ. వాడు ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది. జ్వరమొచ్చి ఏడ్చినా, పరీక్ష తప్పి ఏడ్చినా, పెళ్ళిలో నా కాళ్ళకి దణ్ణం పెడుతూ ఏడ్చినా అంతే. ఇప్పుడూ వస్తుందని కూర్చున్నాను. వాడి తల మీద చెయ్యి వేశాను. జుట్టు పల్చబడింది అనుకున్నాను. అంతకుమించి ఏమీ కలగలేదు. కాలు వంక చూసుకున్నట్టు లోపలికి చూసుకున్నాను. అక్కడేమీ లేదు. నాకు భయం వేసింది, అదీ కొద్దిగానే.

"నా ఒక్కడింట్లోనే పెట్టక్కా" అన్నాడు వాడు కళ్ళు తుడుచుకుంటూ. "అన్నయ్యకి వద్దు. నీమీద ఒట్టు, ఈసారి నేనే వస్తాను."

మెకానిక్ కుడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తీసేశానని చెప్పడానికి వచ్చినట్టున్నాడు.

"సరే. వీడింట్లోనే పెట్టు బాబూ" అన్నాను. "పెద్దవాడి దాంట్లోంచి తీసెయ్యి."

చిన్నవాడి మొహం వెలిగిపోయింది. "చూశావా, అక్క నన్నే ఎంచుకుంది" అన్నాడు మెకానిక్‌తో, ముక్కు తుడుచుకుంటూనే.

మెకానిక్ వాడి వంక చూడలేదు. నా వంక చూసి, "ఇందాక చెప్పిన లెక్కేనా అమ్మా?" అని అడిగాడు. "అదే లెక్క" అన్నాను. అతను జేబులోంచి మరలు తీసి మళ్ళీ నోట్లో పెట్టుకుని, ఎడమ తలుపు తీసుకుని పెద్దవాడింట్లోకి వెళ్ళాడు.