రంగసామి ఊదిన గురువారం

నాకు నోరు ఎక్కువ, ఒప్పుకుంటా. "నాలుగు వారాలు సిగరెట్టు ముట్టకుండా ఉంటేనే కాలికి ఆపరేషన్, లేకుంటే ఆ కాలు దక్కదు మునిరాజూ" అని డాక్టరు చెప్తే, "నలభై ఏండ్ల తోడును నాలుగు వారాల్లో ఎట్లా వదిలేది సార్?" అని ఆయన మీదే ఎగిరినాను. నా భార్య అలమేలు చెయ్యి గిల్లింది. "తోడంట తోడు! మరి నేనెవురు?" అనింది.

అట్లా ఆస్పత్రిలో గురువారం గుంపులో చేరినాను. పదిమందిమి చుట్టూ కూర్చుంటాము. నర్సు పరిమళ ఒక్కొక్కరి చేత చిన్న మిషన్‌లో ఊదిస్తుంది. పొగ తాగి వస్తే అంకె పదికి పైన చూపిస్తుంది, తాగకుంటే అయిదు లోపలే. "తాగే చోటికి, తాగే స్నేహితుల దగ్గరికి కొన్నాళ్లు పోవద్దండి" అని మొదటి రోజే చెప్పేసింది.

అంటే రంగసామి దగ్గరికి.

వ్యాసర్పాడిలో రైల్వే యార్డు పక్కన టీ అంగడి. పందొమ్మిదేండ్ల వయసులో ఆడ ఇద్దరమూ ఒకే సిగరెట్టు అంటించి తాగినాము. వాడికి రైల్వే ఉద్యోగం వచ్చినా, నేను వేరే చోట సొంత అంగడి పెట్టుకున్నా ఆ అలవాటు పోలేదు. ముందర సగం వాడిది, వెనక సగం నాది. గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, వానకు తడిసిన బొగ్గు వాసన, వాడి పిచ్చి నవ్వు. నా పెండ్లి ముచ్చట, వాళ్లమ్మ పోయిన బాధ, అన్నీ ఆ టీ అంగడి బెంచీ మీదే చెప్పుకున్నాము. ఎంత బాగుండేవి అబ్బా ఆ సాయంత్రాలు!

వాడికి ఒక్క మాట చెప్పకుండా పోవడం మానేసినాను. వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడు వారాలు ఎట్లనో ఈదినాను. నాలుగో గురువారం, ఆస్పత్రికి బయలుదేరే ముందు, మేడ మీద ఒంటిగా నిలబడి వరసగా మూడు తాగేసినాను. ఒక్కటీ రుచిగా లేదు. సిగ్గులేని జన్మ.

దగ్గుగా ఉంది, ఈ రోజు ఊదలేనని చెప్పి తప్పించుకుందామనుకున్నా. గుంపులో కూర్చున్నానో లేదో, తలుపు తోసుకుని రంగసామి వచ్చినాడు. అలమేలు పిలిపించిందంట.

"ఏమ్రా, ఉండావో పోయినావో చెప్పేదానికి కూడా నోరు రాలేదా?"

"నీ వల్లే కదరా! నీ పక్కన కూర్చుంటే తాగకుండా ఉంటానా?" అని అందరి ముందర అరిచినాను.

పరిమళ మాత్రం ఏమీ జరగనట్టు మిషన్ వాడి చేతికిచ్చింది. "ఈడికి వచ్చినోళ్లు ఊదాల్సిందే అయ్యా."

వాడు ఊదినాడు. రెండు.

"మిషన్ చెడిపోయింది" అన్నాను.

"ఏమీ చెడిపోలే" అన్నాడు రంగసామి. "నువ్వు రాకుండా పోయినప్పటి నుంచి నేను తాగలేదు. రోజూ పోతా, బెంచీ మీద కూర్చుంటా, టీ తాగి వచ్చేస్తా. ఒక్కణ్ణే తాగేదానికి మనసు రాలేదురా."

ఈ మూడు వారాలూ నేను వదిలేసింది వాణ్ణి.

పరిమళ మిషన్ నా వైపు పెట్టింది. దగ్గు సాకు నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేకపోయినాను.

"మూడు తాగినానమ్మా, ఈ పొద్దునే. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టు" అని ఏడ్చేసినాను. అరవై ఏండ్ల మొగోణ్ణి, పదిమంది ముందర.

"ఏడ్చింది చాల్లే, ఊదు" అన్నాడు వాడు, కుర్చీ లాక్కుని.

ఊదినాను. పద్నాలుగు. వాడు ఆ అంకె చూసినాడు. నా కాలి మీద చెయ్యేసి అట్లే కూర్చున్నాడు.