ఎండ కరెంటు వద్దన్న చెయ్యి

దుబాయ్ దేశంల మఫ్రఖ్ కాడ మా లేబర్ క్యాంపు మొత్తానికి కరెంటిచ్చే డీజిల్ జనరేటర్ నడిపేది నేనే. దాని మోతకు సగం చెవుడొచ్చింది, పోనీ. నా కొడుకు రాజమౌళి నెలల పోరడున్నప్పుడు దుబాయ్ వచ్చిన. రెండేండ్లకోపారి చుట్టమోలె పోయి వస్తుంటి. మొన్న ఎండాకాలం వాడే గిదే కంపెనీల పనికొచ్చిండు. నా మీది మంచమే వానిది. నా కొడుకు నిద్రల పండ్లు కొరుకుతడని గప్పుడు తెల్శింది నాకు. తండ్రినట, తండ్రి!

గంతల ముదీర్, గదే మా మేనేజర్, అందర్ని మెస్సుల జమ చేశిండు. మేం కడుతున్న కొత్త పట్నమంత ఎండ కరెంటేనట. ముందుగాల మా క్యాంపుకు పెట్టి చూస్తరట. ఎవ్వలేం అనకుంటె అందరికి ఎండ కరెంటే. డీజిలే కావాలన్నోళ్లు శుక్రారం వచ్చి చెయ్యెత్తాలె. సగం చేతులు లేస్తే జనరేటర్ ఉంటది, లేకుంటె అది బంద్, నా వీసా బంద్.

ఇంటికాడ నా పెండ్లాం లింగవ్వ ఎదురుచూస్తనే ఉన్నది, పోవుడు ఎట్లైన పోవుడే. కని పోరని కాంట్రాక్టు అయ్యేదాక వానితోని ఉండి, ఇద్దరం కల్సి విమానం ఎక్కాలని నా ఆశ. గంతే, ఇంకేం అడగలే నేను దేవున్ని.

వంటపని చేసే కడప సనావుల్లా నా కోసం రూము రూముకు తిరిగిండు. "దిగులు పడాకన్నా, అందరూ ఎత్తుతారు సూడు" అన్నడు. అందరు తలకాయలూపిండ్రు. నేను నా కొడుకును మాత్రం పక్కకు పిల్శి చెప్పిన. "నువ్వు ఎత్తకు బిడ్డా. ఈడ ముదీర్ ముంగట ఒక్కడే చెయ్యెత్తితే వాన్ని లీడరంటరు. లీడర్లను ఇంటికి తోలుతరు."

శుక్రారం రానే వచ్చింది. "డీజిల్ ఎవరికి కావాలె?" అని ముదీర్ హిందీల అడిగిండు. ఒక్కడన్న తలెత్తితే ఒట్టు. సనావుల్లా చెయ్యి మెడ దాక లేశి, ఆడ్నే గోక్కున్నది. పిల్లలు గలోడు, ఏమంటం?

ఒక్క చెయ్యి లేశింది. నా పోరనిది.

"పేరేంది?" అన్నడు ముదీర్. రాసుకున్నడు. "ఖలాస్. వీన్ని పంపున్రి."

ఉరికి ముదీర్ కాళ్ల మీద పడ్డ. "సాబ్, వాడు చిన్నోడు, తెల్వదు. నన్ను పంపున్రి."

ఆయన నా భుజం తట్టిండు. "రాజలింగం, నువ్వు మంచోనివి. ఇన్నేండ్లల నోరెత్తలే. ఎండ కరెంటు పలకల మీది దుమ్ము తుడ్వడానికి మనిషి కావాలె. నువ్వుండు."

శుక్రన్ అని దండం పెట్టిన. అలవాటు పాడుగాను, నోట్లకెళ్లి గదే వచ్చింది.

తెల్లారి ఎయిర్‌పోర్టు వ్యాను ఎక్కవోతూ నా కొడుకు, "నీ పని నిలవడ్డది గద బాపూ, ఇంకెందుకు ఏడుస్తవ్?" అన్నడు.

నాకు మండింది. చెంప పగిలేటట్టు ఒక్కటిచ్చిన. పుట్టినకాడ్నుంచి వాని మీద చెయ్యేశింది లేదు. కొట్టేతందుకు దగ్గరుంటె గద!

వాడు చెంప పట్టుకోని నవ్విండు. "ఏం అల్లరి జేశినా అవ్వ గిదే అనేది బాపూ, మీ బాపు ఉంటె నీకు నాలుగు పడుతుండె అని."

గట్లనే నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్శిండు. డ్రైవరు యల్లా యల్లా, జల్ది జల్ది అని మొత్తుకుంటుండు. నేను వాన్ని ఇడుస్తలేను.