రెండు కాగితాలు చాలన్న మనిషి

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, అత్తగారి చేతికి టీ గ్లాసిచ్చి, మెరుగులక్క షెడ్డు తలుపు తీసేది. షెడ్డంటే పేరుకే షెడ్డు. ఇంటి పక్క సందుకి రేకులు కప్పి భర్త చేసిన చోటది. రెండు స్టాండ్లు, ఒక జాకీ, గోడకు బిగించిన పాలిష్ మోటారు, బకెట్లో నానుతున్న గరుకు కాగితాలు. అంతే. భర్త లారీ ఎక్కి ఊళ్లు పట్టుకు తిరగడం మొదలెట్టాక పనంతా ఆవిడ చేతికొచ్చింది. చేతికొచ్చినప్పటి నుంచీ పనికి పేరూ వచ్చింది. వీధి వీధంతా మెరుగులక్క అనడం అలవాటై, సొంత పేరు గ్యాస్ బండ రశీదు మీద తప్ప ఎక్కడా కనిపించకుండా పోయింది.

గీతలు పడ్డ అల్యూమినియం చక్రాన్ని ముందు సబ్బునీళ్లతో కడిగేది. టైరు చుట్టూ టేపు అంటించేది. మొదట బాగా గరుకు కాగితంతో రుద్ది, తర్వాత ఒక్కో మెట్టు నున్నటి కాగితానికి దిగేది. మొత్తం ఐదు కాగితాలు. నాలుగో కాగితానికి చక్రం నోరు విప్పేది. తను తిరిగిన దారులన్నీ చెప్పుకునేది.

చక్రాలు చెప్పేవన్నీ చాలావరకు చాడీలే. ఏ వీధిలో గతుకులున్నాయి, ఏ డ్రైవరుకి బ్రేకు గుర్తుండదు, ఇలాంటివి. షుగరున్న మాస్టారు సాయంత్రం నడకని చెప్పి మిఠాయి కొట్టుకి కారులో వెళ్తున్న సంగతి వాళ్లావిడకి ఈ షెడ్డులోనే తెలిసింది. అత్తగారికి పుట్టెడు చెవుడు. పక్కన నిలబడి పిలిచినా పలికేది కాదు. చక్రాల మాట మాత్రం వంటింట్లో ఉన్నా వినిపించేది.

ఆ రోజు ఎనిమిది కొట్టకముందే ఒక నల్ల కారు వచ్చి ఆగింది. దిగినాయనకి యాభై దాటుంటాయి. ఖరీదైన చొక్కా, దాని చేతులు మోచేతి దాకా తడిసి ఉన్నాయి. ముందు ఎడమ చక్రం చూపించాడు. అంచు మీద జానెడు గీత.

"రెండు కాగితాలు చాలమ్మా. గీత పోతే చాలు. మెరుగు అక్కర్లేదు."

పదకొండేళ్లలో మెరుగు వద్దన్న మనిషిని ఆవిడ చూడలేదు. సరేనంది. జాకీ ఎక్కించి, చక్రం ఊడదీసి, స్టాండు మీద పెట్టింది. ఆయన వరండాలో కూర్చుని మంచినీళ్లడిగాడు. ఒక చెంబు తాగి ఇంకోటి అడిగాడు. కళ్లు మాత్రం గేటు మీదే ఉన్నాయి.

కడుగుతున్నప్పుడు గీత లోపల ఇరుక్కున్న ఆకుపచ్చ రంగు కనబడింది. గోటితో గీకింది. పెళుసుగా రాలింది. సైకిలు రంగు. మొదటి కాగితం అయింది, రెండోదీ అయింది. గీత దాదాపు పోయింది. అక్కడితో ఆపేసి చక్రం బిగించి పంపేస్తే ఎవరి దారిన వాళ్లు పోతారు. మనకెందుకొచ్చిన గొడవ అని మనసు వంద సార్లు చెప్పింది. చేతులు మాత్రం బకెట్లోంచి మూడోది తీశాయి. నాలుగోది తెలిసే తీసింది.

చక్రం గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"కల్వర్టు మలుపు. ఇంకా తెల్లారలేదు. సైకిలు నా అంచుకి తగిలింది. మనిషి రెల్లులోకి దొర్లాడు. ఈయన దిగి చూశాడు, ఎక్కేశాడు. మేం కదిలేటప్పటికి ఆ మనిషి మూలుగుతున్నాడు."

స్టాండు మీద నీడ పడింది.

"రెండు చాలన్నాను కదమ్మా," అన్నాడాయన. కోపంగా అనలేదు. అలా అనకపోవడమే ఆవిడకి ఎక్కువ భయమేసింది. ఆయన వెనక్కి చెయ్యి చాపి షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు. బోల్టులు విప్పే ఇనప రాడ్డు ఆయన కాలి దగ్గరే పడుంది. అవతల గోడ పక్కింటి వాళ్లది. వాళ్ల టీవీ వినబడుతోంది. అరిచినా ఆ మోతలో ఎవరికీ వినబడదు. ఇంకెవరికైనా చెప్పావా అని అడిగాడు. లేదని తలూపింది. ఊపాక, అవునని ఉండాల్సిందేమో అనిపించింది. ఆయన వంగి రాడ్డు చేతిలోకి తీసుకున్నాడు.

తలుపు మీద కర్ర తగిలి అది బార్లా తెరుచుకుంది. గుమ్మంలో అత్తగారు, చెప్పులేసుకుని, చీర చెంగు దోపుకుని.

చెవిటి వాళ్ల గొంతు ఎప్పుడూ పెద్దదే. "మూలుగుతున్నాడంటోంది కదా బాబూ, ఇంకా నిలబడ్డావేం? చక్రం బిగించు."

ఆయన ముసలావిణ్ణి చూశాడు, తన చేతిలో రాడ్డు చూసుకున్నాడు. ఒక్క క్షణం ఎటు తేలుతుందో మెరుగులక్కకి తెలియలేదు. అత్తగారికి అదేం పట్టలేదు. వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుని తలుపేసుకుంది. అప్పుడాయన మోకాళ్ల మీద కూలబడి బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు.

అంబులెన్సుకి ఫోన్ చేద్దామంటే చోటేదో చెప్పాలి. చక్రాలకి ఊళ్ల పేర్లు తెలియవు, మలుపులే తెలుసు. ఆయన్నడిగితే చీకట్లో ఏ దారిన వచ్చాడో గుర్తులేదన్నాడు. అది నిజమో అబద్ధమో ఆవిడకి తెలియలేదు. ఆ కారులోనే వెతుక్కుంటూ పోవడం తప్ప వేరే మార్గం లేదు. ముందు సీట్లో కూర్చుంది గానీ తలుపు హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఇళ్లు పలచబడ్డాయి. ఇటుక బట్టీలు దాటాయి. తర్వాత మనుషులే లేరు. ఈయన మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నాడో అనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు దారి చూసుకుంటూ నిమ్మళంగా కూర్చుని ఉంది.

రోడ్డు రెండుగా చీలే చోటొచ్చింది. ఎడమకి పెద్ద రోడ్డు, అది ఎక్కితే ఎక్కడికైనా పోవచ్చు. కుడికి రెల్లు పొదల మధ్య మట్టిదారి. ఆయన స్టీరింగు ఎడమకి తిప్పేశాడు, పూర్తిగా, కొస దాకా. మెరుగులక్క కళ్లారా చూసింది.

కారు కుడికి వెళ్లింది.

ఆయన ఇంకా బలంగా లాగాడు. బ్రేకు తొక్కాడు. కారు తొందరపడలేదు, ఆగనూలేదు. దారి తెలిసిన ఎద్దులా మట్టిలో నడుచుకుంటూ పోయి, కల్వర్టు పక్కన నిలబడింది. అప్పటికి ఆయన చేతులు స్టీరింగు వదిలేసి ఒళ్లో పడి ఉన్నాయి.

రెల్లు తప్పిస్తే ఆకుపచ్చ సైకిలు, దాని కింద ఒక మనిషి. గోదాము కాపలాదారు యూనిఫాం వేసుకున్నాడు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్నట్టుంది. ముఖం మీద చీమలు పాకుతున్నాయి. మెరుగులక్క ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు. మళ్లీ పెట్టింది. వెచ్చగా, సన్నగా తగిలింది.

"ఉంది," అంది.

ఎత్తింది ఆ నల్ల కారాయనే. పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు రెండు చేతుల మీదా ఎత్తుకుని, బురదలో రెండుసార్లు జారి, పడేయకుండా కారు దాకా తెచ్చాడు. తల అత్తగారి ఒళ్లో పెట్టారు. ఆసుపత్రి దాకా ఆవిడ ఆ మనిషి చెంపలు తడుతూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. జవాబు ఆవిడకెలాగూ వినబడదు. అయినా అడగడం ఆపలేదు.

ఆసుపత్రి వరండాలో చిన్న బల్ల వేసుకుని ఒక కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు. ఎవరు తెచ్చారని అడిగాడు. ఎవరు గుద్దారో తెలుసా అని కూడా అడిగాడు. మెరుగులక్క పక్కకి జరిగింది. నల్ల కారాయన వెనకే నిలబడి ఉన్నాడు. గేటు అక్కడికి పాతిక అడుగులుండదు. ఆయన అటు చూడటం, చూపు మళ్లీ వెనక్కి రావడం ఆవిడ గమనించింది.

"నేనే. రాసుకోండి."

కానిస్టేబులు రాయడం మొదలుపెట్టాడు. ఆయన మొదట్నుంచీ చెప్పాడు, దిగి చూసి వెళ్లిపోయిన సంగతి కూడా. చెప్పడం అయిపోయిందనుకున్నాక మళ్లీ నోరు తెరిచాడు.

"దారి చీలిన చోట నేను ఎడమకే తిప్పాను. పారిపోదామనే. కారు కుడికి వెళ్లింది. అదీ రాయండి."

కానిస్టేబులు తలెత్తలేదు. "ఏ చక్రం?"

"ముందు ఎడమది."

రాసుకున్నాడు. అంతలో లోపల్నుంచి కాపలాదారు కేక వినిపించింది. విరిగిన కాలు సరిచేస్తున్నారేమో, గొంతు చించుకుని, అమ్మో అని, నిండు ఊపిరితో. కానిస్టేబులు కలం ఆపి ఆ కేక పూర్తిగా అయ్యేదాకా విన్నాడు. తర్వాత కాగితం పై వరసకి వెళ్లి, మొదట్లో రాసిన 'మృతుడు' అన్న మాట కొట్టేసి, దాని పక్కన 'గాయపడిన వ్యక్తి' అని రాశాడు.